ఒక తీగముక్క చెప్పిన చరిత్ర

కారు ఇంజను గురించి వ్రాయబోతున్నానంటే మిత్రులు నవ్వుకోవచ్చు. ముప్పయి యేళ్ళకు పైగా ఉన్నత పాఠశాలల్లో సంధులూ సమాసాలూ చెప్పి, ఉద్యోగ విరమణానంతరం ఏలూరులో కాలక్షేపం చేస్తున్న తెలుగు పండితుడికి క్యామ్‌షాఫ్టుతో ఏమి పని అని అడగవచ్చు. పనిని నేను వెదకికొనలేదు, అదే నన్ను వెదకికొని వచ్చింది. వచ్చి, రెండు పర్యాయాలు డబ్బు ఖర్చు పెట్టించి, మూడవ పర్యాయం ఒక పాఠం చెప్పి వెళ్ళింది. ఆ పాఠం వెనుక నూట యాభై యేళ్ళ చరిత్ర ఉన్నదని తరువాత చదివి తెలిసికొన్నాను. ఆ రెండింటినీ కలిపి ఇక్కడ వ్రాస్తున్నాను.

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన సంగతి అందరూ ఎరిగినదే. ఆ నీరంతా పల్లానికి దిగి కొల్లేటికి చేరింది. ఆ దినాలలోనే కైకలూరు వైపు బంధువులను పరామర్శించవలసి వచ్చి, మా అబ్బాయి నాకు వదలివెళ్ళిన పెట్రోలు కారులో బయలుదేరాను. ఒకచోట రహదారి మీద చక్రాల సగం మేర నీరు పారుతున్నది. వెనుకకు మళ్ళవలసినవాణ్ణి మళ్ళకుండా దాటించాను. అది నా తప్పు. దానిని ముందుగా ఒప్పుకొని మిగిలిన కథ చెప్పడం న్యాయం.

పది పన్నెండు దినాల తరువాత, స్టీరింగు ముందున్న మీటరు పలకలో ఇంజను బొమ్మ గల పసుపుపచ్చ దీపం వెలిగింది. తాళం త్రిప్పితే సెల్ఫు చాలాసేపు తిరిగితే గాని ఇంజను అందుకోవడం లేదు. ఒక వర్క్‌షాపుకు తీసికొని వెళ్ళాను. అక్కడి కుర్రవాడు స్టీరింగు క్రింది సాకెట్టుకు స్కానరు తగిలించి, క్షణంలో "పి0340 అండీ, క్యామ్ సెన్సరు పోయింది" అన్నాడు. పాతది తీసి నా చేతిలో పెట్టి క్రొత్తది బిగించాడు. దీపం ఆరింది. తొమ్మిది దినాలకు మరల వెలిగింది. మరల వెళితే, "ఒక్కోసారి క్రొత్త వాటిలోనూ లోపం ఉంటుందండీ" అని ఇంకొకటి వేశాడు. ఇక మీదట వస్తే ఇంజను కంప్యూటరే మార్చవలసి ఉంటుందని కూడా చెప్పాడు. ఆ కంప్యూటరు వెల విన్న తరువాత నాకు రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. పింఛను మీద బ్రతికేవానికి అటువంటి అంకెలు నిద్రను దూరం చేస్తాయి.

అంతలో ఆశ్వయుజం వచ్చింది. ద్వారకా తిరుమలలో స్వామివారి కల్యాణోత్సవాలు. నేనూ మా ఇంటావిడా ఉదయమే బయలుదేరి, భీమడోలు వద్ద రహదారి దిగి, టీ త్రాగుదామని ఇంజను ఆపాను. అంతే. మరల తాళం త్రిప్పితే సెల్ఫు తిరుగుతున్నదే గాని ఇంజను పలకలేదు. కొండ ఇంకా పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్నది. ఎండ ఎక్కుతున్నది.

ఎదుటి షెడ్డులో నుంచి యాభై యేళ్ళ మనిషి ఒకడు చేతులు తుడుచుకొంటూ వచ్చి, "నమస్కారం మేస్టారూ, నన్ను గుర్తుపట్టారాండీ?" అన్నాడు. కొల్లేటి లంకల వైపు నేను క్రొత్తగా ఉద్యోగంలో చేరిన దినాలలో ఎనిమిదవ తరగతి చదివి బడి మానినవాడు. అక్కడ నుంచి విజయవాడ ఆటోనగరు చేరి, అంబాసిడర్ల క్రింద పడుకొని పని నేర్చి, ఇరవై యేళ్ళుగా భీమడోలులో షెడ్డు నడుపుతున్నాడట. తన పేరు ఎక్కడా వ్రాయవద్దన్నాడు గనుక వ్రాయడం లేదు.

జరిగినదంతా చెప్పాను. అతడు అంతా విని ఒకే ప్రశ్న వేశాడు.

"సెన్సరు రెండుసార్లు మార్చారు సరేనండి. తీగ ఎవరైనా చూశారాండి?"

ఎవరూ చూడలేదు. నాకూ అడగాలని తోచలేదు. ఆ ప్రశ్న విలువ అర్థం కావాలంటే కొంచెం వెనుకకు వెళ్ళాలి.

* * *

ముందుగా క్యామ్ అంటే ఏమిటో చెబుతాను. దానికి తెలుగు మాట కల్పించే ప్రయత్నం చేయను. మెకానిక్కులందరూ క్యామ్ అనే అంటారు. గుండ్రంగా తిరిగే ఇరుసు మీద ఒక ప్రక్కకు పొడుచుకొని వచ్చిన బుడిపె అది. అడ్డుకోతలో చూస్తే కోడిగ్రుడ్డు ఆకారం. ఇరుసు తిరిగినప్పుడల్లా ఆ బుడిపె తనకు ఆనుకొన్న వస్తువును ఒకసారి లేపి మరల దించుతుంది. అనగా గుండ్రని కదలికను క్రిందికీ మీదికీ ఆడే కదలికగా మారుస్తుంది. ఇది కార్లతో పుట్టినది కాదు. 1206లో దియార్‌బకిర్ ప్రాంతపు ఆర్తుకీ రాజుల కొలువులో ఉన్న అల్ జజరీ అనే శిల్పి తన యంత్రాల గ్రంథంలో ఇటువంటి ఇరుసులను వర్ణించాడు. ఐరోపాలోని కమ్మరికొలుముల్లో నీటి చక్రానికి కట్టిన పెద్ద సుత్తులను లేపిందీ క్యామే.

కారులో దాని పని కవాటాలను తెరవడం. నాలుగు దశల ఇంజనుకు సిద్ధాంతం 1862లో ఫ్రాన్సులో బో ద రోషా వ్రాశాడు. నడిచే యంత్రం 1876లో జర్మనీలో నికొలాస్ ఒట్టో చేసి చూపాడు. పీల్చడం, నొక్కడం, మండడం, వదలడం అనేవి ఆ నాలుగు దశలు. పిస్టను దిగుతూ గాలినీ పెట్రోలునూ పీలుస్తుంది, ఎక్కుతూ నొక్కుతుంది, నిప్పురవ్వతో మండి దిగుతుంది, ఎక్కుతూ పొగను బయటికి నెడుతుంది. అంటే పిస్టను రెండుసార్లు ఎక్కి రెండుసార్లు దిగితే ఒక ఆవృత్తి పూర్తి అవుతుంది. పిస్టనును ఆడించే క్రాంకుషాఫ్టు అంతలో రెండు చుట్లు తిరుగుతుంది. కవాటం మాత్రం ఆవృత్తికి ఒక్కసారే తెరచుకోవాలి గనుక క్యామ్‌షాఫ్టు ఒక్క చుట్టే తిరగాలి. అందుకే ఈ రెంటినీ కలిపే గొలుసు చక్రాలలో క్యామ్ వైపు పళ్ళు రెండింతలు ఉంటాయి.

ఈ రెండుకు ఒకటి అనే లెక్కలోనే మన కథ అంతా ఉన్నది. ద్వారకా తిరుమల క్షేత్రాన్ని ఎరిగినవారికి ఇది సులభంగా చెప్పవచ్చు. అక్కడ గర్భాలయంలో మూలవిరాట్టులు ఇద్దరు. ఒకరు స్వయంభువు, ఒకరు ప్రతిష్ఠితమూర్తి. అందుచేత ఏడాదికి కల్యాణోత్సవాలు రెండు, వైశాఖంలో ఒకటి, ఆశ్వయుజంలో ఒకటి. దూరాన ఉన్నవానికి "చిన తిరుపతిలో కల్యాణం జరుగుతున్నది" అని మాత్రమే తెలిస్తే అది ఏ కల్యాణమో పోల్చుకోలేడు. మాసం పేరు కూడా తెలియాలి. అదే విధంగా "ఒకటవ సిలిండరు పిస్టను పైకి వచ్చింది" అన్నంత మాత్రాన అది నొక్కి వచ్చిందో, పొగ నెట్టి వచ్చిందో తెలియదు. మొదటిదైతే నిప్పురవ్వ వేయాలి, రెండవదైతే వేసినా ప్రయోజనం లేదు. క్రాంకు కల్యాణమని చెబుతుంది. మాసం చెప్పగలిగేది క్యామ్ ఒక్కటే.

* * *

తొలినాటి కార్లలో ఈ మాసం చెప్పే పని ఇనుముతోనే జరిగేది. నిప్పురవ్వ పుట్టించడం మాత్రం మొదటి నుంచీ విద్యుత్తు పనే. కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన మూడు చక్రాల బండిని ఆయన భార్య బెర్తా 1888 ఆగస్టులో, భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకులను ఎక్కించుకొని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి నడిపించింది. నూరు కిలోమీటర్లకు పైబడిన ఆ ప్రయాణమే లోకంలో మొట్టమొదటి దూరపు కారు ప్రయాణంగా ప్రసిద్ధి. దారిలో ఇంధనపు గొట్టం పూడుకొని పోతే టోపీ సూదితో పొడిచి బాగుచేసిందట. నిప్పురవ్వ తీగ పైతొడుగు ఒరసికొని పోతే, మేజోడు జారకుండా కట్టుకొనే పట్టీని తీసి దానికి చుట్టిందట. పాఠకులు ఈ రెండవ సంగతిని జ్ఞాపకం ఉంచుకోవలసిందిగా కోరుతున్నాను.

1902లో బాష్ కర్మశాలలో గోట్లోబ్ హొనోల్డ్ అనే ఇంజనీరు అధిక వోల్టేజి మాగ్నెటోను సిద్ధం చేశాడు. అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ బ్యాటరీతో నిప్పురవ్వ పుట్టించే పద్ధతిని కాడిలాక్ కార్లకు ఇచ్చి, 1912 నాటి కాడిలాక్‌కు విద్యుత్ సెల్ఫు కూడా అమర్చాడు. ఆ తరువాత అరవై యేళ్ళకు పైగా ప్రపంచమంతటా రాజ్యమేలినది డిస్ట్రిబ్యూటరు.

మా తరం వారు దానిని అంబాసిడరులో చూచి ఉంటారు. నల్లని మూత, మూత నడుమ ఒక లావు తీగ, చుట్టూ నాలుగు తీగలు. మూత క్రింద ఒక చిన్న రోటరు తిరుగుతూ ఒకటి, మూడు, నాలుగు, రెండు అనే వరుసలో ప్రతి సిలిండరుకూ విద్యుత్తు పంచుతుంది. దాని క్రింద సి.బి. పాయింటు, ప్రక్కన కండెన్సరు. ఈ డిస్ట్రిబ్యూటరును త్రిప్పేది క్యామ్‌షాఫ్టే. అందుచేత అదీ క్రాంకుకు సగం వేగంతోనే తిరుగుతుంది. రోటరు మూతలో ఒకటవ తీగ ఎదుట ఉన్నదంటే ఒకటవ సిలిండరు నొక్కుడు దశలో ఉన్నదని అర్థం. మాసం వేరుగా అడగవలసిన అవసరమే లేదు. ఇనుప పళ్ళే పంచాంగం.

నా శిష్యుడు ఆటోనగరులో నేర్చినది ఈ విద్యే. 1960లలో విజయవాడ శివార్లలో వెలసిన జవహర్ ఆటోనగరు కోస్తా జిల్లాల లారీలకూ బస్సులకూ కార్లకూ పెద్దాసుపత్రి వంటిది. లేతు పనివారు, బాడీ కట్టేవారు, సెల్ఫు డైనమో చుట్టేవారు, పంపు కాలిబ్రేషను చేసేవారు, ఒక్కొక్క వీధిలో ఒక్కొక్క విద్య. అక్కడ గురువు పాఠం చెప్పడు. పాయింటు సందు బ్లేడుతో చూడమంటాడు. డిస్ట్రిబ్యూటరు బోల్టు వదులు చేసి, నడుస్తున్న ఇంజను మీద దానిని వెంట్రుకవాసి అటూ ఇటూ త్రిప్పుతూ, చప్పుడు ఎక్కడ కుదురుకొన్నదో చెప్పమంటాడు. చెప్పలేకపోతే మొట్టికాయ. "ఇంజను పలుకు వినడం నేర్చుకోవడానికి రెండేళ్ళు పట్టిందండి" అన్నాడు. మా ఛందస్సు పాఠంలో యతి తప్పిన పాదాన్ని చెవి పట్టుకొన్నట్లే అది.

* * *

ఆ పలుకు మారిపోవడానికి కారణం మన ఊపిరి. నగరాల గాలి విషమైపోవడంతో ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యాలలో సుప్రీంకోర్టు ఎన్నో ఉత్తర్వులు ఇచ్చింది. 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో అమ్మే క్రొత్త పెట్రోలు కార్లకు పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టరు తప్పనిసరి అయింది. 1999లో రాజధాని ప్రాంతానికి యూరో ప్రమాణాలను కోర్టు విధించింది. 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం కలిసిన పెట్రోలు దేశమంతటా నిలిచిపోయింది. 2000 ఏప్రిల్‌లో తొలి ప్రమాణాలు దేశవ్యాప్తం అయ్యాయి. 2005లో భారత్ స్టేజి రెండు, 2010లో మూడు, 2017లో నాలుగు, 2020 ఏప్రిల్‌లో ఐదవ మెట్టు దాటి నేరుగా ఆరు దేశమంతటికీ వచ్చాయి.

కార్బురేటరుతో ఈ మెట్లు ఎక్కడం సాధ్యం కాదు. పెట్రోలు తూనిక తప్పకుండా పడాలి, నిప్పురవ్వ క్షణం తప్పకుండా పడాలి. ఈ రెండు పనులనూ ఒకే కంప్యూటరుకు అప్పగించిన మోట్రోనిక్ పద్ధతిని బాష్ సంస్థ 1979లోనే జర్మనీలో బి.ఎం.డబ్ల్యు. కారులో పెట్టింది. అది మన రోడ్ల మీదికి సామాన్యుని కారులో రావడానికి మరో ఇరవై యేళ్ళు పట్టింది. 1983 డిసెంబరు 14న తొలి తాళం చేతులు మారిన మారుతి 800 కార్బురేటరుతోనే పుట్టి, 2000 ప్రాంతంలో ఇంజెక్షనుకు మారింది. కారు వెనుక అద్దం మీద ఎం.పి.ఎఫ్.ఐ. అనే అక్షరాలు చూచి అదేదో బిరుదనుకొన్న దినాలు నాకు జ్ఞాపకం. అంబాసిడరూ మారుతి 800 కూడా 2014లోనే కర్మాగారాలకు సెలవు చెప్పాయి.

డిస్ట్రిబ్యూటరు పోయింది గనుక మాసం చెప్పే ఇనుము కూడా పోయింది. కంప్యూటరు ఒక పెట్టెలో కూర్చున్న గ్రుడ్డి దొర వంటిది. ఎవరైనా వెళ్ళి చెబితే గాని దానికి ఏదీ తెలియదు. క్రాంకు వైపు ఒక పళ్ళ చక్రం పెట్టారు. వాడుకలో ఉన్న ఒక పద్ధతిలో అరవై పళ్ళకు చోటున్న చక్రంలో యాభై ఎనిమిదే చెక్కి, రెండు పళ్ళ మేర ఖాళీ విడుస్తారు. పన్నుకు ఆరు డిగ్రీలు. ఖాళీ వచ్చినప్పుడు చుట్టు మొదలైందని గ్రహించాలి. కాని చుట్టు మొదలైనంత మాత్రాన ఏ దశో తెలియదని ముందే అనుకొన్నాం. కనుక క్యామ్ చివర మరొక చిన్న చక్రం పెట్టి, దాని ఎదుట ఒక సెన్సరును నిలిపారు. పోయిన డిస్ట్రిబ్యూటరుకు వారసుడు ఈ సెన్సరే. సంధికాలపు ఇంజన్లు కొన్నింటిలో ఈ సెన్సరు డిస్ట్రిబ్యూటరు కడుపులోనే ఉండేది కూడా.

దానిలో ఉన్న సూత్రం కారుకంటే పాతది. 1879లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ హాల్ అనే పరిశోధక విద్యార్థి పలుచని బంగారు రేకులో విద్యుత్తు ప్రవహింపజేసి, దానిని అయస్కాంత క్షేత్రంలో ఉంచితే, ప్రవాహానికి అడ్డంగా చిన్న వోల్టేజి పుడుతున్నదని కనుగొన్నాడు. కారు ఇంకా పుట్టని కాలంలో ఒక విద్యార్థి కౌతుకంతో చూచిన విశేషం, నూరేళ్ళు దాటాక కార్ల క్యామ్ ఎదుట కాపలాకు నిలిచింది. సెన్సరులో ఒక అయస్కాంతం, ఒక హాల్ ముక్క ఉంటాయి. ఎదుటి చక్రపు పన్ను దగ్గరికి రాగానే క్షేత్రం మారుతుంది. సెన్సరు ఆ మార్పును విద్యుత్తు మాటగా మార్చి చెబుతుంది. మామూలుగా మూడు తీగలు: ఒకటి ఆహారం, ఒకటి నేల, ఒకటి మాట. మాట తీగ మీద కంప్యూటరు తానే ఐదు వోల్టులు నిలిపి ఉంచుతుంది. సెన్సరు తన వంతు వచ్చినప్పుడల్లా దానిని సున్నకు లాగుతుంది. ఐదు, సున్న, ఐదు, సున్న. ఇంజను నిమిషానికి ఎనిమిది వందల చుట్లు మెల్లగా తిరుగుతున్నప్పుడు కూడా క్యామ్ సెకనుకు ఆరుసార్లకు పైగా తిరుగుతుంది. మాటకు మాట అంత వేగంగా వెళుతూ ఉండాలి.

నా కారు భీమడోలు దాకా నడిచి, ఆపిన తరువాతే ఎందుకు మొండికేసిందో ఇప్పుడు తెలుస్తుంది. నడుస్తున్న ఇంజనుకు మాసం ఒకసారి తెలిస్తే చాలు. ఆ పైన క్రాంకు చుట్లను ఒకటి విడిచి ఒకటి లెక్కపెట్టుకొంటూ నెట్టుకొని పోగలదు. ఆగిన ఇంజను లెక్కను మరల మొదలుపెట్టాలి. మొదలుపెట్టడానికి క్యామ్ మాట కావాలి. కొన్ని కార్లలో కంప్యూటరు ఊహ చేసి, తప్పితే సరిదిద్దుకొని, ఆలస్యంగానైనా అందుకొంటుంది. కొన్ని అసలు అందుకోవు. నాది ఆ రెంటికీ నడుమ ఊగి, చివరకు రెండవ జాతిలో చేరింది.

* * *

ఇక పి0340 అనే ఆ అక్షరాల సంగతి. కాలిఫోర్నియా రాష్ట్రం 1988 నాటి కార్ల నుంచి, కారు తన లోపాన్ని తానే గుర్తించి దీపంతో చెప్పాలని విధించింది. 1996 నుంచి అమెరికా అంతటా ఒకే సాకెట్టు, ఒకే భాష తప్పనిసరి అయ్యాయి. మన దేశంలో భారత్ స్టేజి నాలుగు కార్లకు 2010 ఏప్రిల్ నుంచి మొదటి విడతగా, 2013 ఏప్రిల్ నుంచి పూర్తి స్థాయిలో ఈ ఏర్పాటు వచ్చింది. గొప్ప సదుపాయమే. పూర్వం రెండు దినాలు వెదకినా దొరకని దానికి ఇప్పుడు క్షణంలో దిక్కు తెలుస్తున్నది.

అయితే ఆ సంకేతానికి అసలు అర్థం "క్యామ్ సెన్సరు పోయింది" అని కాదు. "క్యామ్ సెన్సరు మార్గంలో లోపం ఉన్నది" అని మాత్రమే. కంప్యూటరు ఎరిగినది తనకు మాట చేరలేదన్న సంగతి ఒక్కటే. మాట పలికేవాడు మూగవోయాడా, మాట మోసే తీగ తెగిందా అన్నది దానికి తెలియదు. ఇంకొక వైపు కూడా ఉన్నది. పి0341 గాని పి0016 గాని వచ్చినప్పుడు, మాట చేరుతూనే ఉన్నది కాని క్రాంకు మాటతో పొసగడం లేదని అర్థం. అక్కడ టైమింగు గొలుసు సాగి క్యామే తన స్థానం నుంచి జరిగి ఉండవచ్చు. అప్పుడు సెన్సరు నిజమే చెబుతున్నది. నిజం చెప్పిన సాక్షిని మార్చి క్రొత్త సాక్షిని తెస్తే అతడూ అదే చెబుతాడు.

పింగళి సూరన రాఘవపాండవీయం చదివినవారికి ఒకే పద్యంలో రెండు కథలు నడవడం క్రొత్త కాదు. ద్వ్యర్థి కావ్యాన్ని ఒకే అర్థంతో చదివి ముగించినవాడు సగమే చదివినట్లు. ఈ సంకేతాలు కూడా అటువంటివే. అన్వయం చేసికొనక చదివితే డబ్బు పోతుంది.

* * *

షెడ్డుకు తిరిగి వద్దాం. నా శిష్యుడు మొదట తన స్కానరు పెట్టి అదే సంకేతం చూశాడు. చూచి ప్రక్కన పెట్టాడు. బోనెట్టు ఎత్తి, సెన్సరు ప్లగ్గు విప్పి, తాళం ఆన్ చేయించి, మల్టీమీటరు పట్టుకొన్నాడు. ఆహారపు తీగలో ఐదు వోల్టులు ఉన్నవి. నేల తీగ బాగున్నది. మాట తీగ మీద కంప్యూటరు నిలిపే ఐదు వోల్టులు ఉండాలి గదా. సున్న.

"సెన్సరు ఊడదీసే ఉన్నా ఇక్కడ ఐదు ఉండాలండి మేస్టారూ. లేదంటే ఆ తప్పు సెన్సరుది కాదండి."

తరువాత ఎడమచేత మీటరు పట్టుకొని, కుడిచేత తీగల కట్టను ప్లగ్గు దగ్గర నుంచి జానెడు జానెడు చొప్పున మెల్లగా వంచుతూ వెళ్ళాడు. సున్న, సున్న, సున్న. ఒక ఇనుప బ్రాకెట్టు మలుపులో వంచగానే ఐదు. చేయి విడిస్తే సున్న. మరల వంచితే ఐదు. అతడు నా వైపు చూశాడు. ఏమీ అనలేదు.

కట్టకు చుట్టిన టేపు కోసి విప్పితే, బ్రాకెట్టు అంచుకు ఒరసికొని పైతొడుగు అరిగిన చోటు కనబడింది. లోపలి రాగి పోగులు పచ్చగా చిలుము పట్టి, రెండు మూడు మాత్రం ఒకదానికొకటి తగిలీ తగలక ఉన్నవి. ఒరపిడి ఏనాటి నుంచో ఉండవచ్చు. తొడుగు చిరిగిన చోట నేను దాటించిన వరదనీరు చేరి మిగిలిన పని చేసింది.

మరి సెన్సరు మార్చినప్పుడల్లా దీపం ఎందుకు ఆరినట్లు? దానికీ సమాధానం చెప్పాడు. సెన్సరు విప్పి బిగించేటప్పుడు తీగల కట్ట కదులుతుంది. కదిలినప్పుడు తెగిన పోగులు కలిశాయి. స్కానరుతో పాత సంకేతం చెరిపివేశారు. పేరు క్రొత్త సెన్సరుకు వచ్చింది. తొమ్మిది దినాల కుదుపుకు పోగులు మరల విడిపోయాయి.

చిలుము పట్టినంత మేర కోసివేసి, మెరిసే రాగి కనబడిన తరువాత క్రొత్త తీగముక్క జోడించి టంకం పెట్టాడు. వేడికి ముడుచుకొనే గొట్టం తొడిగాడు. "టంకం పెట్టిన చోట తీగ బిరుసెక్కుతుందండి, కదిలితే మళ్ళీ తెగుతుంది" అంటూ కట్టను బ్రాకెట్టుకు దూరంగా జరిపి రెండు క్లిప్పులతో కదలకుండా కట్టాడు. తరువాత అడిగాడు, మొదట తీసిన పాత సెన్సరు ఉన్నదా అని. డ్యాష్‌బోర్డు పెట్టెలో ఉన్నది. తుడిచి దానినే బిగించాడు. సంకేతం చెరిపి తాళం త్రిప్పమన్నాడు. ఇంజను ఒక్క పట్టున అందుకొన్నది. నడుస్తుండగా తీగల కట్టను అటూ ఇటూ వంచి చూశాడు. ఆపి, త్రిప్పి, ఆపి, నాలుగుసార్లు చూశాడు. పాత సెన్సరులో ఏ దోషమూ లేదు.

మాట తీగ, నేల తీగ, ఆహారపు తీగ. ఈ మూడూ సరిగా ఉన్నవని తేలిన తరువాతే సెన్సరును అనుమానించాలి. సెన్సరు కూడా సరి అయితే గొలుసును చూడాలి. కంప్యూటరు పేరు అన్నిటికంటె చివర ఎత్తాలి. పాఠకులలో ఎవరికైనా ఈ సంకేతం ఎదురైతే, సెన్సరుకు డబ్బు కట్టే ముందు "తీగ చూశారా?" అని అడగవలసిందిగా నా మనవి. బెర్తా బెంజ్ 1888లో తన పట్టీ విప్పి చుట్టినది కూడా ఒరసిపోయిన తీగకే. నూట ముప్పయి ఆరేళ్ళలో ఇంజను ఎంతో మారింది గాని, తీగ ఒరసికొనే స్వభావం మారలేదు. పైగా ఇనుప పళ్ళు చేసిన పనులన్నీ ఇప్పుడు తీగలు మోస్తున్నవి గనుక ఒరసికొనేవి మరీ ఎక్కువైనవి.

* * *

వర్క్‌షాపు కుర్రవాని మీద నాకు ఆ ఉదయం చాలా కోపం వచ్చింది. కొండకు వెళ్ళే దారి పొడవునా మా ఇంటావిడతో అదే మాట అన్నాను. దర్శనమై మెట్లు దిగుతుండగా కోపం కొంత తగ్గి, మరొక ఆలోచన వచ్చింది. ఆ కుర్రవాడు మోసగాడు కాడు. తెర మీద ఉన్నది చదివాడు, దాని ప్రక్కన ఉన్న విడిభాగం మార్చాడు. అతనికి అంతవరకే నేర్పారు. పద్యం ఇస్తే ప్రతిపదార్థం అప్పజెప్పి, భావం అడిగితే గైడు పుస్తకంలోని నాలుగు వాక్యాలు చదివే పిల్లలకు నేనే ఎన్ని వందల మందికి మార్కులు వేయలేదు? పద్యంలో ఆ పదం అక్కడ ఎందుకు పడిందని అడిగినవాణ్ణి "పరీక్షకు రాదులే, కూర్చో" అన్న దినాలూ ఉన్నవి. అలా అడిగేవారిలో ఎనిమిదవ తరగతితో బడి మానిన ఈ శిష్యుడు ఒకడేమో నాకు జ్ఞాపకం లేదు. అయినా ఆ సందేహం నన్ను విడవడం లేదు.

ఎంత ఇవ్వాలని అడిగితే, "తీగముక్కకు డబ్బులేమిటండీ" అన్నాడు. బలవంతాన అతని జేబులో పెట్టి వచ్చాను. తిరుగు ప్రయాణంలో ప్రసాదం ఇద్దామని ఆగితే, ఒక పిల్లవాణ్ణి ప్రక్కన కూర్చోబెట్టుకొని మీటరు పట్టడం చూపిస్తున్నాడు. ఆ పిల్లవాడు స్కానరు వైపు చెయ్యి చాచాడు. ఇతడు ఆ చేతి మీద మెల్లగా ఒక్కటి వేసి, "ముందు తీగ చూడరా" అన్నాడు.

పాత సెన్సరు ఈనాటికీ నా కారులోనే పని చేస్తున్నది. క్రొత్తవి రెండూ డ్యాష్‌బోర్డు పెట్టెలో ఉన్నవి.

స్వస్తి.